పిట్ట ముట్టని విస్తరి

అన్నాలు తిన్నాక పిలుస్తామన్నారు. ఎవరి అన్నాలు అని ఎర్రయ్య అడగలేదు. కిటికీలోంచి గరిటెల చప్పుడు వస్తోంది, మసాలా వాసన వస్తోంది, లోపల ఎవరో కడుపుబ్బ నవ్వుతున్నారు, ఆ నవ్వు తనకు తెలిసిన నవ్వే, ఒకప్పుడు మైకులో విన్న నవ్వు. సిరిసిల్ల గెస్ట్ హౌస్ వరండాలో గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడతను. కుర్చీలు లేక కాదు. కోరుట్ల మార్కెట్ యార్డులో మక్కల బస్తాలు మోసి మోసి మొద్దుబారిన వీపు అది, కుర్చీని చూస్తే దానికి నమ్మకం కుదరదు, కూర్చున్న మరుక్షణం ఎవరో వచ్చి లెమ్మంటారని. పైగా కుర్చీల సంగతి ఈ మూడేళ్లలో అతనికి బాగా తెలిసొచ్చింది. నిండిన కుర్చీని చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు, మళ్లీ నిండిన కుర్చీని ఇప్పుడు చూడబోతున్నాడు. మానవ హక్కుల కమిషన్ ఇవాళ ఇక్కడ కూర్చుంది. ఠాణాలో చచ్చిపోయిన కొడుకు క్రాంతి బొంద తవ్వి ఎముకలు చూడాలా వద్దా అన్నది ఇవాళ తేలుతుంది. తేలుతుందని పైకి అనుకుంటున్నాడు గాని, బస్తా కింద నలిగిన వేలులా లోపల ఒక మూల సలుపుతూనే ఉంది, తేలదు, మునుగుతుంది అని. పొద్దున వకీలు వసంత కూడా అదే అంది, వేములవాడలో కోడె మొక్కుల జనమంతా దిగిపోయి బస్సు ఖాళీ అయ్యాక, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి మెల్లగా. "ఎర్రన్నా, నీతోని అబద్ధమెందుకు. గీ సారు మీద నాకు ఆశ లేదు. గని వాళ్లు ఏం జెప్పినా నువ్వు ఏలిముద్ర మాత్రం ఎయ్యకు. ఏస్తివా, ఇగ హైకోర్టుకు వోయి అడుగుతందుకు గూడ మనకు తొవ్వ ఉండది." ఆ తొవ్వ ఎక్కడుందో దేవుడికి తెలియాలి. ఆమెను లోపలికి రానివ్వలేదు, వకీళ్లకు ప్రవేశం లేదట, గేటు బయట ఎండలో నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేస్తోంది.

గేటవతల ఎక్కడో సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలకు ఈ ఊళ్లో అదే పేరు. ఆగకుండా టకటకమనే ఆ చప్పుడు చెవిన పడితే చాలు, దాని వెనకే క్రాంతి గొంతు వస్తుంది. రెండేళ్లు ఈ ఊళ్లోనే సాంచాల మీద పనిచేశాడు వాడు. ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చినా గట్టిగానే మాట్లాడేవాడు, అన్నం పెట్టమంటే వాడకంతా వినబడేది. "మెల్లగ మాట్లాడురా, గోడలకు చెవులుంటయ్" అనేది తల్లి బాలవ్వ. "ఉండనీ అవ్వా, గోడలకన్న సమజైతది" అనేవాడు. ఆ గట్టి గొంతే వాడి కొంప ముంచింది. సాంచాల పని తగ్గి ఊరికి వచ్చినవాడు ఊరుకుంటే అయిపోయేది, ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా. వాగులో ఇసుక ట్రాక్టర్లకు అడ్డంగా పోయి నిలబడ్డాడు. మా వాడ బోరింగులల్ల నీళ్లు దిగిపోయినయ్, మా అవ్వలు బిందెలు వట్టుకొని కోసెడు దూరం నడుస్తున్నరు, ఇగ తట్టెడు ఇసుక గూడ పోనియ్య అని అరిచాడు. ట్రాక్టర్లు మాజీ సర్పంచ్ జలపతివి. అరుపు ఆయన చెవిన పడింది. వారం తిరక్కుండా క్రాంతి మోటర్ల దొంగ అయ్యాడు. మోటరు పెట్టుకోవడానికి గుంటెడు భూమి లేనివాడు మోటరు ఎత్తుకొచ్చి ఏం చేసుకుంటాడు, తలకింద పెట్టుకొని పడుకుంటాడా? ఆ మాట ఎర్రయ్యకు తట్టేసరికి పోలీసు జీపు వాడ దాటిపోయింది. జీపు ఇంటి ముందు ఆగినప్పుడు మాత్రం, అంగీ ఏసుకొని పో కొడుకా, రెండు మాటలడిగి తోలిస్తరు అన్నాడు. వాడు గుండీలు పెట్టుకుంటూనే ఎక్కాడు. తెల్లారి గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. నిజమే, ఎవరి గుండైనా చివరికి ఆగే తీరుతుంది, ఆపిందెవరన్నదే గదా అడిగేది.

ఖాకీ బట్టలు బొంద దాకా వెంట వచ్చాయి. స్నానం వద్దు, గుడ్డ విప్పొద్దు, తొందరగా కానియ్యండి అన్నారు. చచ్చినవాడి ఒంటి మీద కడసారి నీళ్లు పోయకుండా ఏ తండ్రి చెయ్యి ఊరుకుంటుంది? నీళ్లు పోశాడు, పసుపు రాశాడు. ఎడమకాలి దగ్గరికి వచ్చేసరికి మోకాలి కింది భాగం ఎటు తిప్పితే అటు తిరిగింది. అరికాళ్లు ఉబ్బి నల్లగా ఉన్నాయి. ఎర్రయ్య వాడికి నొప్పి పెడుతుందేమో అన్నట్టు ఆ కాలిని నెమ్మదిగా సరిచేసి, వేళ్ల సందుల్లో కూడా పసుపు రాసి, అప్పుడు గుడ్డ కప్పాడు. వాళ్ల వాడలో కాల్చడం లేదు, పూడ్చడమే. పూడ్చేటప్పుడు పీనుగ మీద ఉప్పు పోయడం తాతల నాటి పద్ధతి, నక్కలు తోడకుండా, ఒళ్లు తొందరగా మట్టిలో కలవాలని. ఆ రోజు ఉప్పు బస్తాలు జలపతి పంపించాడు. ఒకటి చాలదన్నట్టు రెండు, సొంత ట్రాక్టరు మీద. ఎంత గొడవ పడితేనేం, ఎంత మంచి మనసో చూడు అని వాడలో అందరూ అనుకున్నారు, ఎర్రయ్య కూడా అనుకున్నాడు. తన చేతులతోనే పోశాడు. కాళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ పోశాడు, ఆ కాళ్లకు ఇంకేం చేయగలడు గనక. ఆ ఉప్పు ఒంటి మీది దెబ్బల గుర్తులను ఎట్లా తినేస్తుందో తర్వాత కోరుట్లలో తన ఆఫీసులో వసంత చెప్పింది.

జగిత్యాలలో ఆ ముసలి జడ్జి మొట్టమొదట అడిగింది కూడా ఉప్పు గురించే. అప్పుడు కమిషన్ కుర్చీలో ఉన్నది ఆయన. చేతికర్ర, చెవికి మిషను, ఎర్రయ్య చెప్తుంటే ముందుకు వంగి, ఒక్కోసారి చేత్తో ఆగమని, మళ్లీ చెప్పించుకొని, అంతా విన్నాడు. పక్కనున్న పోలీసాయన మధ్యలో ఏదో అనబోతే, మీ వంతు వచ్చినప్పుడు చెబుదురు గాని అన్నాడు, అంతే, ఆయన నోరు మూతపడింది. పోలీసు నోరు మూతపడటం ఎర్రయ్య పుట్టి బుద్ధెరిగాక చూసింది ఆ ఒక్కసారే. "చర్మం పోయి ఉంటుంది నాయనా, మచ్చలు పోయి ఉంటాయి. ఎముక పోదు. ఎముకను ఎవరూ బెదిరించలేరు" అన్నాడు ఆ పెద్దాయన. బొంద తవ్వాలి, వేరే జిల్లా డాక్టర్లు చూడాలి అని అక్కడికక్కడే రాయించాడు. ఆ సాయంత్రం జగిత్యాల బస్టాండులో ఎర్రయ్య చాయ తాగాడు, చాయలో బిస్కెట్టు ముంచుకొని తిన్నాడు, అది తియ్యగా ఉందని తెలిసింది, కొడుకు పోయాక నాలుకకు రుచి తెలిసింది అప్పుడే. తర్వాత, తవ్వడానికి ఎవరూ రాకముందే, ఆ జడ్జి పోయాడు. చచ్చిపోలేదు, పోయాడు. గడువు ఇంకా ఉండగానే ఏదో కమిటీకి పెద్దను చేసి పంపించేశారు, పెద్దమనుషులను గెంటాలంటే శాలువా కప్పి గెంటుతారు. వంగమంటే వంగలేదు, అందుకే తీసేశారు అంది వసంత. కుర్చీ ఖాళీ అయింది. హైదరాబాదు దాకా పోయి చూస్తే ఆ ఆఫీసు తలుపుకు తాళం, మెట్ల మీద కాపలావాడు బీడీ తాగుతున్నాడు. "సార్లు లేరు, అచ్చినంక రాండ్రి." ఎప్పుడొస్తరన్నా? "నాకేమెర్క. పైనోళ్లు ఎయ్యాలె గదా." పైవాళ్లు వేయలేదు. ఒక వానాకాలం పోయింది, ఎండాకాలం పోయింది, మళ్లీ వానలొచ్చాయి. కమిషన్‌కు సెలవు గాని ఉప్పుకు సెలవు లేదు. రాత్రి పూట వాన పడుతుంటే ఎర్రయ్య లేచి కూర్చునేవాడు, మట్టిలోంచి నీళ్లు దిగుతాయి, ఉప్పు కరుగుతుంది, కరిగిన ఉప్పు కాళ్ల మీదికి పాకుతుంది. ఆ ఖాళీ కుర్చీ, ఆ ఉప్పు, రెండూ కలిసి మాట్లాడుకొని పనిచేస్తున్నట్టే అనిపించేది. అవి రెండూ ఒకరు పంపినవే అని ఎవరితోనన్నా అంటే పిచ్చోడంటారు, అందుకని అనలేదు.

ప్రహరీ మీద కాకి వాలింది. ఎర్రయ్య తల తిప్పుకున్నాడు.

కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడే కోరుట్లకు విచారణ అంటూ ఒక డీఎస్పీ వచ్చాడు. కమిషన్‌కు సొంత మనుషులు లేరట, విచారణకు పోలీసు శాఖ నుంచే అరువు తెచ్చుకుంటుందట. మంగలి కత్తి అరువు తెచ్చుకున్నట్టు పోలీసులను తెచ్చుకుంటే తెగేది ఎవరి మెడ? ఆ డీఎస్పీకి కుర్చీ జరిపి వేసింది ఎవరు, ఆ రాత్రి ఠాణాలో డ్యూటీలో ఉన్న ఎస్సయ్యే. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని బయటికి పోయి సిగరెట్టు కాల్చుకొని వచ్చారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. నీ కొడుకు తాగేవాడా. మూర్ఛ వచ్చేదా. ప్రేమా గీమా ఏమన్నా ఉన్నదా. సాంచాల కాడ ఎవలతోనన్న కొట్లాడిండా. అన్నీ చచ్చినవాడి గురించే, బతికున్నవాళ్ల గురించి ఒక్కటి అడగలేదు. ఎర్రయ్య మోకాలి సంగతి చెప్తే, నువ్వు డాక్టరువా అన్నాడు. కాదు సారూ, నేను పసుపు రాసిన అన్నాడు. ఆ మాట రాసుకోలేదు, పెన్ను కదలకపోవడం ఎర్రయ్య చూశాడు. ఇంటికి పోయే దారిలో ఏడుపొచ్చింది, నడి రోడ్డు మీద, పసుపు రాసిన చేతులను మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు, సైకిలు మీద పోయేవాళ్లు ఆగి చూసి పోయారు.

ఆ తర్వాత కుర్చీ నిండింది. ఎవరితో నిండిందో పేపర్లో చూసి వసంత ఫోన్ చేసి చెప్పింది. గంగాప్రసాద్. ఆ పేరు వినగానే ఎర్రయ్య చేతులు తెలియకుండానే కదిలాయి, డప్పు దరువు గుర్తొచ్చి. ఎలక్షన్లప్పుడు ఈ గంగాప్రసాద్ జీపు ముందు ఎండలో డప్పు కొట్టింది తనే, పక్కన జెండా పట్టుకొని గొంతు పోయేలా జిందాబాద్ కొట్టింది క్రాంతే. ఆ జీపు మీద ఆయన పక్కనే నిలబడి చేతులు ఊపింది జలపతి. ఆయన ఓడిపోయాడు. ఓడిపోయినవాడికి పార్టీ ఏదో ఒకటి పెట్టాలి గదా, ఆకలి మీదున్నాడు, ఇది పెట్టింది. "ఎంపిక జేసే కమిటీల ఉన్నది వాళ్లే ఎర్రన్నా, ఎంపికైంది గూడ వాళ్లోడే" అంది వసంత, "పేరుకే స్వతంత్రం." స్వతంత్రం అంటే ఏంటో ఎర్రయ్యకు అంతగా తెలియదు, జెండా పండుగ రోజు బడిలో బిళ్లలు పంచుతారు, అదే తెలుసు. కానీ జగిత్యాలలో ఆ ముసలాయన చేత్తో ఆగమన్నాడు చూడు పోలీసును, బహుశా అదేనేమో. ఇవాళ పొద్దున ఈ గేట్లోకి గంగాప్రసాద్ కారు వచ్చినప్పుడు వెనక సీట్లోంచి మొదట దిగింది జలపతి, దిగి, తలుపు పట్టుకొని నిలబడ్డాడు, పెళ్లికొడుకును దింపినట్టు దింపాడు. వకీలు గేటు బయట, ట్రాక్టరు ఓనరు గేటు లోపల. ఎర్రయ్యకు అప్పుడే లేచి పోదామనిపించింది. పోలేదు, గోడకు ఇంకా ఆనుకొని కూర్చున్నాడు.

అదిగో, అనుకుంటుండగానే జలపతి వరండాలోకి వచ్చాడు, చేతిలో బిర్యానీ పొట్లం. చిన్నప్పటి నుంచి అరేయ్ ఎర్రిగా అని పిలిచిన నోరు అది, ఇవాళ దానికి ఎక్కడ లేని మర్యాద పుట్టుకొచ్చింది.

"ఎర్రన్నా, పొద్దటిసంది ఏం దినలేదట గదా. తీస్కో. మన సారు పేరు మీద అందరికి ఇస్తున్నం."

"ఆకలైతలేదు పటేలా."

"గట్లంటెట్ల. నాకు దుఃఖం లేదా ఏంది, నా కండ్ల ముంగట వెరిగిన పోరడు. పోయినోడు పోయిండు, ఉన్న బిడ్డ సంగతి జూడు. లోపల ఒక్క ఏలిముద్ర, నా కొడుకు చావు మీద నాకు ఎవలి మీద అనుమానం లేదని. అయిపాయె. నిన్ను బతికిపిచ్చే జిమ్మ నాది."

పొట్లం పక్కన పెట్టి, భుజం మీద ఒకసారి తట్టి పోయాడు. తట్టిన చోటును ఎర్రయ్య చేత్తో దులుపుకున్నాడు. అయినా ఆ మాటల్లో ఒక మాట పొద్దున ఇంట్లోనే విన్నాడు. అదే బాధ. బయల్దేరుతుంటే బాలవ్వ చెప్పులు అందిస్తూ కింద చూస్తూ అంది, ఇగ ఇడ్సిపెట్టయ్యా అని. "వాడు పోయిండు. ఇది ఉన్నది. ఉన్నదాని మొకం జూడు." ఉన్నది ప్రవళిక. అన్న పోయినప్పుడు ఇంటర్ చదువుతోంది, ఇప్పుడు నర్సింగ్ ఆపేసి ఇంట్లో కూర్చుంది, తల్లితో పాటు బీడీలు చుడుతోంది, బడికి పోయినన్నాళ్లూ చుట్టను పొమ్మని మొండికేసిన పిల్ల. వాడలో ఎవరూ మాట్లాడరు, బోరింగు దగ్గర బిందె పెడితే జరిపేస్తారు, వాళ్లవల్లనే మనందరికి తిప్పలు అని, క్రాంతి నిలబడ్డది ఆ బోరింగు నీళ్ల కోసమే అన్నది ఎవరికీ గుర్తు లేదు. బాలవ్వ అడిగిందంటే మరి ఆమె ఎంత అలిసిపోయిందో, తొమ్మిది నెలలు మోసిన మనిషి. సరే అందామనుకున్నాడు ఎర్రయ్య. నోటిదాకా వచ్చింది. కానీ సరే అనడానికి వీల్లేకుండా ఒక మాట అడ్డం ఉంది. ఆ మాట ఇచ్చింది బాలవ్వకు కాదు, వసంతకు కాదు, కోర్టుకు కాదు.

కాకి ప్రహరీ మీంచి కిందికి చూస్తోంది. ఈసారి ఎర్రయ్య చూపు తిప్పుకోలేకపోయాడు. పూడ్చిన మూడోరోజు పిట్టకు పెట్టారు. మోదుగాకు విస్తరి బొంద మీద పరిచి, అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు, వాడికి ఇష్టమని ఒక పల్లిపట్టీ, ముంతలో కల్లు, అన్నీ పెట్టి అందరూ దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడ్డారు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, ఎవరూ ఇల్లు చేరకూడదు. పోయినవాడికి కోరిక ఏదన్నా మిగిలిపోతే పిట్ట ముట్టదు. కాకి వచ్చింది, ఎదురుగా కొమ్మ మీద కూర్చుంది, మెడ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, దిగలేదు. పొద్దు పైకెక్కింది. ఎర్రయ్య అక్క లస్మవ్వ కొంగు చాపింది. "దా కొడుకా, దిగు. నీ చెల్లెను సదివిస్తం. నిమ్మలంగ తిను." దిగలేదు. "నీ బండి అమ్మం కొడుకా, గట్లనే ఉంచుతం, రోజు తుడుస్తం" అంది బాలవ్వ. దిగలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట ఇచ్చారు, అడిగారు, బతిమాలారు, ఇంకేం గావాలె నీకు, చెప్పు, ఇంకేం గావాలె. పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. చివరికి ఎర్రయ్య నోట్లోంచి వచ్చింది, తనే అంటున్నాడని తనకే తెలియలేదు. "నిన్ను ఎవలు జంపిండ్రో నలుగుర్ల జెప్పిచ్చేదాక ఇడువ. నా కాలు గూడ ఇరగ్గొట్టినా ఇడువ. తిను కొడుకా." కాకి దిగింది. దిగి, గుడ్డును కాదు, కోడికూరను కాదు, పల్లిపట్టీని ముక్కుతో కరిచింది. వాడ వాడంతా ఒక్కసారి గొల్లుమంది. బాలవ్వ మట్టిలో పడి పొర్లింది. ఇన్నడు, మాట ఇన్నడు, కొడుకు ఇన్నడు అని అందరూ అన్నారు. ఆ రోజు నుంచి ఆ మాట ఎర్రయ్య వీపు మీద ఉంది, బస్తానైతే దించే చోటు ఒకటి ఉంటుంది.

కాళ్లు తిమ్మిరెక్కి కొంచెం జరిగి కూర్చున్నాడు. జరిగేసరికి పొట్లం వరండా మెట్టు మీదికి దొర్లింది. ఎర్రయ్య దాన్ని అందుకోలేదు. అంతే, కాకి గోడ మీంచి దిగింది. ఆలోచించలేదు, మెడ అటూ ఇటూ తిప్పలేదు, గంతేసుకుంటూ వచ్చి కాగితం చింపింది, ముక్క బయటికి లాగింది, తిన్నది. రెండోది వచ్చింది, అదీ తిన్నది. జలపతి పెట్టిన అన్నం, ఎవరూ ఏ మాటా ఇవ్వని అన్నం. ఎర్రయ్య చూస్తూ ఉండిపోయాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. అంటే ఆ రోజు దిగింది ఎవరు? పొద్దు నెత్తి మీదికొచ్చింది, దానికి ఆకలైంది, దిగింది, తిన్నది. అంతేనా? క్రాంతి వినలేదా? అప్పటిదాకా దిగకపోవడానికి ఏ కోరికా లేదు, మనుషులు దగ్గరగా ఉన్నారని భయపడింది, అంతేనా? అయితే ఈ మూడేళ్లు తను మోసింది ఎవరికిచ్చిన మాట, బాలవ్వ ఎండిపోయింది ఎవరి కోసం, ప్రవళిక చేతిలో బీడీ ఆకు ఎవరి కోసం? ఇల్లంతా గుల్ల చేసుకున్నది ఒక కాకి కోసమా? లోకంలో ఇక ఎవరూ లేనట్టు, మట్టిలో కూడా ఎవరూ లేనట్టు అనిపించింది. పోనీ, ఇది కూడా మంచిదే గదా, ఇక ఎవరికీ బాకీ లేడు, లోపలికి పోయి వేలు ఆనించి బయటికి రావచ్చు, బాలవ్వకు చెప్పవచ్చు, అయిపోయిందే, ఇడ్సిపెట్టిన అని. ఆమె ఈ రాత్రికైనా కళ్లు మూస్తుంది. ఎంత తేలిక, వేలు ఎంత ఉంటుంది, ఒక గోరంత సిరా. కాకులు మెతుకులు కూడా ఏరుకొని తిని, మూతి మెట్టుకు రాసుకొని, ఎగిరిపోయాయి. కాకి విన్నదో లేదో తెలియదు. ఆ మాట అన్న నోరు మాత్రం తనదే, విరిగిన ఆ మోకాలు ఎవరి చేతిలో తిరిగిందో ఆ చెయ్యీ తనదే.

"ఎర్రయ్య ఎవలు? రా, సారు పిలుస్తున్నడు."

లోపల బల్ల మీద నుంచి పళ్లేలు తీసేస్తున్నారు. గంగాప్రసాద్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు, తెల్లబట్టల్లో కొంచెం లావయ్యాడు. పక్కన కోరుట్లకు వచ్చిన ఆ డీఎస్పీ. గోడ దగ్గర జలపతి, తన ఇంట్లో నిలబడ్డంత నిమ్మళంగా. ఆ కుర్చీ వైపు చూశాడు ఎర్రయ్య, ముందుకు వంగి వినడానికి అందులో ఎవరూ లేరు.

"రా ఎర్రయ్యా, కూసో. నిన్ను చూసి ఎన్ని దినాలాయె. డప్పు కొడుతున్నవా ఇంక?"

"ఇడ్సిపెట్టిన సారూ."

"అయ్యో, గట్లెట్ల. సరే, అన్ని జూసిన. డీఎస్పీ రిపోర్టు సాఫ్‌గున్నది, గుండె ఆగింది. పాత సారు తొందరపడి తవ్వమన్నడు గని, ఆ ఆర్డరు ఇప్పుడు లేదు. మట్టిల వోయినోన్ని మల్ల తోడుడెందుకు, నీకు మాత్రం మంచిగుంటదా?"

"మోకాలొక్కటి జూడుండ్రి సారూ. గంతే. ఎడమ మోకాలు."

గంగాప్రసాద్ డీఎస్పీ వైపు చూశాడు. డీఎస్పీ కిటికీ వైపు చూశాడు. సాంచాల చప్పుడు గదిలోకి వచ్చి కాసేపు ఉంది.

"ఇను. నువ్వు ముద్ర ఏసినా, ఎయ్యకున్నా, ఇయ్యాల్టితోని ఇది బందు. ఏస్తె నీకే ఫాయిదా, నీ మంచికే చెప్తున్న." కాగితం బల్ల మీద అతని ముందుకు జరిపాడు. సిరా డబ్బా మూత తీసి డీఎస్పీ దాని పక్కన పెట్టాడు. చాయ గ్లాసు తెచ్చి జలపతి ఇంకోపక్క పెట్టాడు. ఎంత ఒద్దికగా పెట్టారో, అన్నీ చేతికి అందేటట్టు, అన్నీ తన కోసమే.

"నీ బిడ్డకు ఔట్‌సోర్సింగుల నౌకరి పెట్టిపిస్త. నా మాట" అన్నాడు గంగాప్రసాద్.

ఎర్రయ్య కదల్లేదు.

"ఇల్లు మంజూరైతది ఎర్రన్నా. మొదటి పేరు నీదే" అన్నాడు జలపతి.

ఎర్రయ్య కదల్లేదు.

"నీ మీద, నీ ఇంటోళ్ల మీద ఇగ ఎవలు రారు. నాదీ పూచీ" అన్నాడు డీఎస్పీ, మొదటిసారి మెత్తగా.

గంగాప్రసాద్ కుర్చీలో వెనక్కి జరిగి, ఓపిక అయిపోతున్నవాడిలా, బతిమాలుతున్నవాడిలా చేతులు చాపాడు. "ఇంకేం గావాలె నీకు? చెప్పు. ఇంకేం గావాలె?"

ముగ్గురూ కొంచెం వెనక్కి తగ్గి, అతని బొటనవేలి వైపే చూస్తున్నారు. కొమ్మ మీంచి చూస్తే ఇట్లా కనిపిస్తుందన్నమాట, పెట్టినవాళ్ల మొహాలు. పొద్దటి నుంచి ఏమీ తినలేదు. చాయ మీద మీగడ కడుతోంది. గేటు బయట ఎండలో వసంత, ఇంట్లో గుమ్మం వైపు చూస్తూ బాలవ్వ, మట్టి కింద ఉప్పులో ఎడమ మోకాలు.

ఎర్రయ్య ముట్టలేదు.